అయిదో గుంజ నీళ్ళు

మార్చి 4, మంగళవారం

నా పేరు ఆఫీసు రిజిస్టరులో ఒకటుంది. దాన్ని నెలనెలా వాళ్ళు చదువుకుంటారు, నేను వేలిముద్ర వేస్తాను. మనుషులు పిలిచే పేరు సీసాలమ్మ. వయసు డెబ్బై ఒకటి. ఇంట్లో నేను, కోడలు, లారీ తోలే కొడుకు. కొడుకు నెలకు పది రోజులు ఇంట్లో ఉంటే ఎక్కువ, కాబట్టి ఉన్నది మేమిద్దరమే అని రాసినా తప్పు లేదు. రెండు గదులు, ముందొక వరండా, అందులో కుట్టు మిషను. కోడలు చొక్కాలకు కాజాలు కుడుతుంది. ఇప్పుడు ఈ రాత కూడా తనదే. నాకు చదువు రాదు.

ఇలా పేరూ వయసూ ఇంట్లోవాళ్ళూ అని మొదలుపెట్టాలని కోడలే చెప్పింది. వాంగ్మూలం అంటే అలాగే ఉంటుందట. నీకెలా తెలుసని అడిగాను.

"మా నాన్న స్థలం తగాదాలో నాలుగుసార్లు రాయించాడు అత్తయ్యా."

"రాయించి ఏం సాధించాడు?"

"ఓడిపోయాడు."

అయినా అలాగే మొదలుపెట్టమన్నాను.

పదిహేడో తారీకున పెద్దాఫీసరు విచారణకు వస్తాడు. ఆయన ముందు నా మాట కాగితం మీద పెట్టాలి. అక్కడ తడబడకుండా రోజూ కాస్త కాస్త చెప్పి రాయిస్తాను. ఈ నోటుపుస్తకం మా ఇద్దరికే. ఇందులోంచి పనికొచ్చింది ఏరి, చివర్లో మంచి కాగితం మీద ఎక్కిస్తాం.

సంగతి ఇది. ఊరి చివర సరస్సు, దాని గట్టు మీద నీళ్ళ పరిశోధన ఆఫీసు. సరస్సులో ఏడు చోట్ల ఏడు గుంజలు పాతి ఉన్నాయి. వారానికొకసారి పడవ మీద వెళ్ళి ఒక్కో గుంజ దగ్గర ఒక్కో సీసా నీళ్ళు పట్టి తేవడం నా పని. ముందు మా ఆయన చేసేవాడు, ఆయన పోయాక నేను పడవెక్కాను. ఇరవై ఏడేళ్ళయింది. నేను తెచ్చిన సీసాలను టెస్టుల మేష్టారు తన గదిలో మిషను మీద పెట్టి, ఏ నీళ్ళలో ఏముందో అంకెలు రాస్తాడు. ఈమధ్య కొత్తగా ఒక డాక్టరమ్మ వచ్చింది. మనుషుల డాక్టరు కాదు, చేపల డాక్టరు. ఆ అంకెలన్నీ కంప్యూటర్లో వేసి చూసి, నాలుగో గుంజ అంకెలూ అయిదో గుంజ అంకెలూ నాలుగేళ్ళుగా కవల పిల్లల్లా ఉన్నాయంది. వెంట్రుకంత తేడా లేదట. అలా ఉండటానికి వీల్లేదట. ఎందుకంటే నాలుగోది నడి సరస్సు వైపు ఉంది. అయిదోది జమ్ము దుబ్బుల లోపల, రంగుల ఫ్యాక్టరీ కాలవ వచ్చి కలిసే చోట ఉంది.

దాంతో మేష్టారి మీద పడ్డారు. అయిదో సీసా టెస్టు చేయకుండా పారబోసి, నాలుగోదాని అంకెలే ఎత్తి రాశాడని అనుమానం. ఆయన్ని ఇంటి దగ్గర కూర్చోమన్నారు. అయిదో సీసాలో నీళ్ళు అయిదో గుంజవే అని నేను చెప్తే ఆయన ఉద్యోగం పోతుంది. పోతే అది ఆయన రాత. నేను చెప్పాల్సింది నేను చెప్తాను.

అయిదో సీసా అయిదో గుంజ దగ్గరే నింపాను. ఇరవై ఏడేళ్ళలో ఒక్క వారం తప్పలేదు. ఈ మాట మిగతా వాటికంటే పెద్ద అక్షరాలతో రాయమన్నాను.

మార్చి 5, బుధవారం

ఇవాళ సీసాల రోజు. మేష్టారు లేడు కాబట్టి సీసాలు ఐసుపెట్టెలో వేరే ఊరికి వెళ్ళాయి.

సీసా నింపడం ఎలాగో రాయించాలి, లేకపోతే ఆఫీసర్లకు అర్థం కాదు. ముందు ఆ చోటి నీళ్ళతోనే మూడుసార్లు తొలచాలి. తొలిచిన నీళ్ళు పడవకు అవతలి పక్కన పారబోయాలి. తర్వాత సీసా బోర్లించి, మోచెయ్యి మునిగేదాకా దించి, లోపల తిప్పాలి. పైన తేలే తెట్టు లోపలికి రాకూడదు. మూత నీళ్ళలోనే బిగించాలి. గాలి బుడగ కనిపించిందా, మళ్ళీ మొదటి నుంచి. అంకెలు రావు కాబట్టి సీసా మెడకు రబ్బరు బ్యాండ్లు వేస్తాను. ఒకటో గుంజకు ఒకటి, ఏడో గుంజకు ఏడు. ఈ పద్ధతి నేను కనిపెట్టుకున్నది. పెద్దాయన మెచ్చుకున్నది. పెద్దాయన అంటే ఈ ఆఫీసు పెట్టిన మనిషి, ఏడు గుంజలూ దగ్గరుండి పాతించినవాడు. పోయి పన్నెండేళ్ళయింది.

పొద్దున డాక్టరమ్మ నా పక్కన మెట్టు మీద కూర్చుని, ఎంతో మెత్తగా అడిగింది. "అమ్మా, ఎప్పుడైనా పొరపాటున నాలుగో సీసాకి అయిదు బ్యాండ్లు వేసుంటారా?"

"నీ చేతికి అయిదు వేళ్ళున్నాయని రోజూ లెక్కపెట్టుకుంటావా తల్లీ?"

నవ్వింది. నవ్వుతూనే కాగితం మీద రాసుకుంది. ఈ కాలం పిల్లలు నవ్వేటప్పుడు కూడా రాసుకుంటారు.

సీసాలు ఒక్కటే కాదు నా పని. వలలో పడ్డ చేపల్ని కొలత చెక్క మీద పడుకోబెట్టి పొడుగు చూడటం, రెండు పొలుసులు గీకి మళ్ళీ నీళ్ళలో వదలటం, తెల్లవారగానే పిట్టల్ని లెక్కపెట్టడం కూడా నాదే. మా ఆయన పాత చొక్కా పైన తొడుక్కుని వెళ్తాను. పది పిట్టలు కనిపిస్తే కుడి జేబులో గింజ ఒకటి ఎడమ జేబులోకి పోతుంది. ఇంత చేసిన దాన్ని పట్టుకుని బ్యాండ్లు లెక్క తప్పావా అంటారు.

మార్చి 6, గురువారం

భుజం నొప్పి. ఏమీ చెప్పబుద్ధి కాలేదు. ఇంతే రాయి.

మార్చి 8, శనివారం

మేష్టారంటే నాకు మొదటి నుంచీ పడదు. ఎందుకో అదీ రాయించాలి.

సీసా చేతికిస్తే, పాలవాడి దగ్గర పాలు తీసుకునే మనిషిలా వెలుతురుకు ఎత్తి అటూ ఇటూ తిప్పి చూస్తాడు. ఏం కలిపానని? తుడిచిన సీసానే మళ్ళీ తుడుస్తాడు. "బాగున్నావా" అని నన్ను అడిగిన పాపాన పోలేదు కానీ, తన మిషనుతో మాత్రం మాట్లాడుతూ ఉంటాడు. నేను విన్నాను. "ఇవాళ ఏం మొండికేశావు తల్లీ" అంటున్నాడు దానితో. ఇనప పెట్టెను తల్లీ అనే మనిషికి నేను ఉత్త గాలి.

ఇంత చెప్పాక కోడలు పెన్ను పక్కన పెట్టి, "ఆయనకు రిటైరవడానికి ఇంకా ఆరేళ్ళుందట అత్తయ్యా" అంది.

"ఉంటే?"

"ఏం లేదు. కాజాల దుకాణంలో అనుకుంటున్నారు."

కాజాల దుకాణంలో సరస్సు గురించి ఎవరికేం తెలుసు.

నిన్న డాక్టరమ్మ ఆఫీసులో నన్ను పిలిచి పళ్ళెం చూపించింది. జమ్ము దుబ్బుల్లో తను వేసిన వలలో పడ్డ చిన్న పరిగెలు. పదిలో నాలుగింటికి వెన్ను వంకర. కొన్నింటికి తోక దగ్గర మడత పడి ఉంది, కాగితం మడిచినట్టు. పక్కన ఇంకో గిన్నెలో గుడ్లు. నీటికోళ్ళు జమ్ములో నీళ్ళ మీద తేలే గూళ్ళు కడతాయి. ఆ గూళ్ళలో పొదగకుండా మిగిలిపోయిన గుడ్లట. పోయినేడు జమ్మునిండా గూళ్ళున్నా పిల్లలు మూడే తేలాయంది. పిట్టల్ని లెక్కపెట్టేదాన్ని నేను. నాకు తెలియకుండా ఉంటుందా. తగ్గాయని తెలుసు. గింజలు కుడి జేబులోనే ఉండిపోతున్నాయి.

"నీళ్ళ అంకెలు చూస్తే అద్దంలా ఉన్నాయి. చేపల్ని చూస్తే ఇలా ఉన్నాయి. రెండింట్లో ఒకటి అబద్ధం చెప్తోందమ్మా" అంది డాక్టరమ్మ.

చేపకు అబద్ధం చెప్పడం రాదన్నాను నేను.

ఇది రాస్తూ కోడలు ఆగిపోయింది. ఎందుకు ఆపావంటే చెయ్యి తిమ్మిరెక్కిందంది.

మార్చి 9, ఆదివారం

ఒక్క సంగతి. ఇది మంచి కాగితం మీదికి ఎక్కదు. ఊరికే రాసి ఉంచు.

పదిహేనేళ్ళ కిందట, జమ్ము లోపలికి పడవ పోనిస్తుంటే నా తెడ్డు తగిలి గూడొకటి తిరగబడింది. నాలుగు గుడ్లు. ఒకదాని వెనక ఒకటి నీళ్ళలోకి జారిపోయాయి, చెయ్యి పెట్టి అందుకునేలోగా. తల్లి పిట్ట నా పడవ చుట్టూ తిరిగింది. అరవలేదు. అరిచి ఉంటే నాకు బాగుండేది.

అప్పటి నుంచీ గూళ్ళు కట్టే మూడు నెలలూ నేను జమ్ము లోపలికి వెళ్ళను. బయటి అంచున ఆపి, అక్కడ అయిదో సీసా నింపుతాను. గుంజకు ఒక ముప్ఫై బారలు ఇవతల. సరస్సంతా ఒకటే నీళ్ళు కదా. అలా చేయమన్నది పెద్దాయనే. "పిట్టల్ని కదిలించకు" అన్నాడు. కాబట్టి ఇది తప్పు కిందికి రాదు.

"ఆ మాట ఆయన రాసిచ్చాడా అత్తయ్యా?"

"రాసిస్తే మాత్రం నేను చదివేదాన్నా?"

"మరి ఏడాదికి మూడు నెలలే అయితే, డాక్టరమ్మ నాలుగేళ్ళ పొడుగునా ఒకేలా ఉన్నాయంటోంది కదా?"

పొయ్యి మీద పాలున్నాయి, పొంగుతాయేమో చూడమన్నాను. వెళ్ళి చూసి వచ్చి కూర్చుంది. పొయ్యి మీద పాలు లేవు.

మార్చి 10, సోమవారం

నిన్నటి పేజీ చింపెయ్యమన్నాను. సరే అంది. చింపలేదు. పేజీ వేలితో తడిమి చూశాను, ఉంది.

మార్చి 11, మంగళవారం

పడవల వడ్రంగి వచ్చాడు. వరసకు మరిది అవుతాడు. ఏడాదికొకసారి నా పడవ ఒడ్డుకు లాగి, పగుళ్ళు పూడ్చి, అవసరమైతే రంగు వేస్తాడు. మనిషి నాకంటే నాలుగేళ్ళు చిన్న. ముసలాడా అంటే ఒప్పుకోడు.

"ఏం వదినా, కోర్టు మెట్లెక్కుతున్నావట. పట్టుచీర కట్టుకుంటావా?"

"నీ మొహానికి అది కోర్టు కాదు. విచారణ."

"ఏదైతేనేం, కుర్చీ వేస్తారుగా."

మంచినీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టి, కాసేపు కోడలి మిషను చప్పుడు విన్నాడు. తర్వాత అన్నాడు, నా వంక చూడకుండా.

"పడవ రెండు పక్కలా రంగు మొన్న చూశాను. కొత్త పెళ్ళికూతురి బుగ్గల్లా ఉంది."

"నువ్వేగా వేసింది."

"నేను వేసింది నాలుగేళ్ళ కిందట. మధ్యలో వేయాల్సిన పనే పడలేదు, అడుగు పగుళ్ళు పూడ్చడం తప్ప. అంతకుముందు ఏటేటా వేసేవాణ్ణి. జమ్ములో తిరిగితే ఆకులు రంపాల్లా కోస్తాయి, ఆర్నెల్లకే చెక్క బయటపడేది. నాలుగేళ్ళుగా గీత పడలేదు వదినా."

కోడలి మిషను ఆగింది.

"నన్నెవరూ అడగలేదు. వడ్రంగిని ఎవరు అడుగుతారు. అడిగితే మాత్రం రంగు సంగతి రంగు సంగతిలాగే చెప్తాను. నువ్వు నా మీద కోపం పెట్టుకోకు."

కోపం పెట్టుకుంటానన్నాను. పెట్టుకోమని వెళ్ళిపోయాడు.

మార్చి 12, బుధవారం

సీసాల రోజు. ఏడూ తెచ్చాను. అయిదోది ఎక్కడిదని కోడలు అడగలేదు. నేను చెప్పలేదు.

మార్చి 13, గురువారం

మేష్టారు మా ఇంటికి వచ్చాడు. ఇరవై ఏళ్ళలో మా గడప తొక్కలేదు. నేను తిట్లు సిద్ధం చేసుకున్నాను, మంచివి, చాలాకాలంగా దాచి ఉంచినవి. ఒక్కటీ పనికి రాలేదు.

వరండాలో నిలబడి చెప్పులు విడిచి, ఆ చెప్పుల్ని సమానంగా సర్ది, అప్పుడు లోపలికి వచ్చాడు. గడ్డం గీసుకోలేదు. చేతిలో ఒక పుస్తకం. కూర్చోమంటే బల్ల చివర కూర్చున్నాడు.

"మీతో పోట్లాడ్డానికి రాలేదమ్మా."

"పోట్లాడితే కాదన్నానా?"

"ఒక్క మాట అడుగుదామని వచ్చాను. సీసాలు ఇవ్వడానికి మీరు వచ్చినప్పుడల్లా నా మిషను తిరుగుతూ ఉండేది కదా. నేను పని చేస్తూనే కనిపించేవాణ్ణి కదా. ఆ మాట ఒక్కటి ఆఫీసరుతో చెప్పండి. మిగతాది మీ ఇష్టం."

తర్వాత పుస్తకం తెరిచి చూపించాడు. నాకేం కనిపిస్తుంది, గీతలు. కోడలు వంగి చూసి చదివింది. మూడేళ్ళ కిందటి తారీకు. నాలుగూ అయిదూ ఒకేలా వస్తున్నాయి, మిషను చూపించాలి అని ఉంది. అప్పుడే గమనించాడన్నమాట. మిషను చెడిందనుకుని విప్పించి బాగు చేయించాడట. ఏడాది తర్వాత మళ్ళీ విప్పించాడట. ఒకసారి అయిదో సీసాను ముందు పెట్టి, నాలుగోదాన్ని వెనక పెట్టి చూశాడట. అప్పుడూ అంతే. పైవాళ్ళకు చెప్తే నీ మిషనే సరిగ్గా లేదంటారని ఊరుకున్నాడట.

"మిషను విప్పే బదులు నన్ను అడగొచ్చుగా" అన్నాను.

"మిమ్మల్నా?" అని నా వంక అలా చూశాడు, నేనేదో అనరాని మాట అన్నట్టు. "మిమ్మల్ని ఏమని అడుగుతానమ్మా. ఇరవై ఏళ్ళలో ఒక్క సీసాలో బుడగ చూడలేదు. ఆ ఆఫీసులో నన్ను నేను అనుమానించాను, మిషనును అనుమానించాను, వాడే మందుల్ని అనుమానించాను. మీ సీసాను అనుమానించలేదు."

"మరి వెలుతురుకు ఎత్తి చూస్తావెందుకు?"

"మొదటి ఏడాది బుడగ కోసం చూసేవాణ్ణి. తర్వాత అలవాటైపోయింది. నిండుగా ఉంటుంది కదా. చూడ్డానికి బాగుంటుంది."

టీ తాగమంటే వద్దన్నాడు. వెళ్ళేటప్పుడు, ఆ మిషను మాటొక్కటి మర్చిపోవద్దని ఇంకోసారి చెప్పాడు. చూస్తానన్నాను. అంత పెద్ద మనిషి చెప్పుల్లో కాళ్ళు పెట్టుకోవడానికి గోడ పట్టుకున్నాడు.

మార్చి 14, శుక్రవారం

రాయి.

పెద్దాయన నాకేమీ చెప్పలేదు. చచ్చిపోయిన మనిషి నోట్లో నా మాట పెట్టాను. గూడు తిరగబడిన రోజు ఆయనతో చెప్పుకుని ఏడ్చాను, అది నిజం. ఆయనన్నది ఇది: "తెడ్డు వాడకు. గెడ వేసి మెల్లగా వెళ్ళు. వెళ్ళడం మాత్రం మానకు." నేను మానేశాను. ఏటా మూడు నెలలు.

ఇంకా ఉంది, రాయి. నాలుగేళ్ళ కిందట చలికాలంలో రేవు మెట్ల మీద జారి పడ్డాను. భుజం అప్పుడు పోయింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, పడుకున్న పక్క తేడా వచ్చిందన్నాను. నడి సరస్సులో తెడ్డు వేయడానికి ఒక చెయ్యి నెట్టుకొస్తుంది. జమ్ములో అలా కుదరదు. గెడ తలకంటే పైకెత్తి, రెండు చేతులా అడుగుకు గుచ్చి నెట్టాలి. నా చెయ్యి చెవి దాకా కూడా లేవదు. కోడలు నా జడ అల్లుతూ నాలుగేళ్ళుగా చూస్తూనే ఉంది. నేను చెప్పలేదు, తను అడగలేదు.

మొదటి వారం అంచునే పట్టాను. వచ్చే వారం లోపలికి వెళ్దామనుకున్నాను. ఆ తర్వాతి వారమూ అలాగే అనుకున్నాను. గూళ్ళు లేని నెలల్లో కూడా పిట్టలు, పిట్టలు అని నాకు నేనే చెప్పుకున్నాను. డిసెంబరులో గూళ్ళేమిటి.

చెయ్యి లేవట్లేదని చెప్తే పడవ తీసేసుకుంటారు. పడవ లేకపోతే నేను సీసాలమ్మను కాను. ఇంట్లో కూర్చుని ఏం చేయాలి. కాజాలు కుట్టడానికి సూదిలో దారం కూడా ఎక్కించలేను.

చదవమన్నాను. చదివింది. నా మాటలే. ఒక్కటి కూడా మార్చలేదు. మార్చి ఉంటే తిట్టి ఉండేదాన్ని.

మార్చి 15, శనివారం

కొడుకు ఎక్కడో దారిలో లారీ ఆపి ఫోను చేశాడు. కోడలు ముందే చెప్పిందో ఏమో, అంతా తెలుసు.

"అమ్మా, అయిదో గుంజ దగ్గరే పట్టానని చెప్పి వచ్చేసెయ్. నీ వయసులో ఎవరూ గుచ్చి గుచ్చి అడగరు. తర్వాత నెమ్మదిగా మానేద్దువుగాని."

"మేష్టారి సంగతి?"

"ఆయనకు చదువుంది. ఇంకో చోట చూసుకుంటాడు."

ఫోను పెట్టేశాక కోడల్ని అడిగాను, నువ్వేమంటావని.

"నేను రాసేదాన్నే అత్తయ్యా."

"రాసేదానికి బుద్ధి ఉండదా?"

"ఉంది. అందుకే ఆ పేజీ చింపలేదు."

దీనికి ఇంత నోరుందని పెళ్ళినాడు తెలియలేదు.

చాలాసేపు ఆలోచించాను. రేపు వడ్రంగి చేత గెడ వేయించుకుని వెళ్ళి, అయిదో గుంజ దగ్గర ఒక్క సీసా నిజంగా పట్టి తెస్తాను. అప్పుడు "అయిదో గుంజ దగ్గర పట్టాను" అంటే అది ఉత్త అబద్ధం కాదు. ఎప్పుడు పట్టావని అడిగితే కదా.

మార్చి 16, ఆదివారం

అయిదో గుంజ లేదు.

పొద్దున్నే బయల్దేరాం, నేనూ వడ్రంగీ. నాలుగో గుంజ దాటి జమ్ము అంచుకు వచ్చాక నేను చెయ్యి ఎత్తి దారి చూపించబోయాను. దారి లేదు. నేను తిరిగిన సందు నాలుగేళ్ళలో పూడుకుపోయింది. వడ్రంగి గెడతో పక్కకు నెట్టుకుంటూ, ఆకులు మొహానికి కోస్తుంటే తిట్టుకుంటూ లోపలికి తీసుకెళ్ళాడు. ఆయన దెబ్బలాడుతున్నది జమ్ముతో. తిట్లన్నీ నాకే తగిలాయి.

లోపల మడుగులా ఉండే చోటు అలాగే ఉంది. నీళ్ళు మాత్రం అలా లేవు. పైన సబ్బు నీళ్ళ మీద ఉండే రంగుల పొర. కాలవ మూతి దగ్గర జమ్ము మొదళ్ళు ఊదారంగుకు తిరిగాయి. వాసన ఏమిటంటే, కొత్త గుడ్డ మొదటిసారి వేడినీళ్ళలో వేస్తే వచ్చేది. మేము వచ్చిన చప్పుడుకు లేచిన పిట్ట ఒక్కటి లేదు. కదిలించకూడదని నేను వదిలేసిన చోట కదిలించడానికి ఏమీ మిగల్లేదు.

గుంజ ఉండాల్సిన చోట నీళ్ళే ఉన్నాయి. చోటు తప్పామేమోనన్నాను. వడ్రంగి గెడ దించి అడుగంతా తడిమి, ఒక చోట ఆపాడు. వంగి చెయ్యి పెట్టి లాగితే గుంజ మొదట్లోంచి చెయ్యంత ముక్క ఊడి వచ్చింది. రొట్టె ముక్కలా చేతిలోనే విరిగింది. దాన్నిండా నత్తగుల్లలు, అన్నీ ఖాళీవి.

"ఇది నిన్నా మొన్నా విరిగింది కాదు వదినా."

"మొన్నటి గాలికి పడిపోయిందని చెప్తే?"

"చెప్పొచ్చు. గుంజ కాదంటుందా."

ఎటో చూస్తూ అన్నాడు. నేను తల వంచుకుని సీసా తీశాను. మూడుసార్లు తొలిచాను. బోర్లించి దించి, లోపల తిప్పి, నీళ్ళలోనే మూత బిగించాను. బుడగ వచ్చింది. పారబోసి మళ్ళీ పట్టాను. మోచెయ్యి దాకా ఆ పొర అంటుకుంది, ఇంటికొచ్చి సబ్బు రుద్దినా మంట పోలేదు.

అయిదు బ్యాండ్లు వేశాను. ఇంటికి రాగానే కోడలితో మంచి కాగితం తీయమన్నాను.

మార్చి 17, సోమవారం

ఆఫీసరుకు ఇచ్చిన కాగితంలో ఉన్నది ఉన్నట్టు ఇక్కడ కూడా దింపమన్నాను.

ఆఫీసరు గారికి,

నీళ్ళ పరిశోధన ఆఫీసులో ఇరవై ఏడేళ్ళుగా పడవ మీద నీళ్ళు పట్టి తెచ్చే నేను, నా ఇష్టంతో, తెలివిలో ఉండి చెప్పి రాయించిన మాటలు ఇవి. రాసినది చదివించుకుని విన్నాను.

మేష్టారు తప్పు చేయలేదు. నేనిచ్చిన ప్రతి సీసా ఆయన టెస్టు చేశాడు. సీసాలు ఇవ్వడానికి వెళ్ళిన ప్రతిసారీ ఆయన మిషను తిరుగుతూనే ఉంది. నాలుగో సీసా అంకెలూ అయిదో సీసా అంకెలూ ఒకటిగా ఎందుకున్నాయంటే, రెండూ ఒకటే నీళ్ళు కాబట్టి. అయిదో సీసాను నేను జమ్ము బయటి అంచున, నాలుగో గుంజ వైపు తిరిగి నింపాను. పదిహేనేళ్ళ కిందటి నుంచి ఏటా మూడు నెలలు ఇలా చేశాను. గత నాలుగేళ్ళుగా ప్రతి వారమూ ఇలాగే చేశాను. ఇలా చేయమని నాకు ఎవరూ చెప్పలేదు. పిట్టల కోసం మొదలుపెట్టాను. తర్వాత నా భుజం కోసం చేశాను. పోయిన బుధవారం కూడా చేశాను.

అయిదో గుంజ పడిపోయింది. ఎప్పుడు పడిపోయిందో నాకు తెలియదు. వారం వారం అక్కడికి వెళ్ళానని వేలిముద్రలు వేసిన మనిషికి అది తెలియలేదు. నా మీద ఇంకో రుజువు వెతకనక్కర్లేదు.

నిన్న అక్కడికి వెళ్ళి ఒక సీసా పట్టాను. దీనితో పాటు ఇస్తున్నాను. అది మేష్టారి చేతే టెస్టు చేయించండి. వంకర చేపలకూ పొదగని గుడ్లకూ కారణం అందులో ఉంటే డాక్టరమ్మకు దొరుకుతుంది.

పుస్తకాల్లో నాలుగేళ్ళ అయిదో గుంజ అంకెలు కొట్టేయండి. అంతకుముందు ఏటా గూళ్ళ నెలల అంకెలు కూడా కొట్టేయండి. ఆ చోట ఇంకేవీ రాయకండి, ఖాళీగా ఉండనివ్వండి. మిగతా ఆరు గుంజల అంకెలు ముట్టుకోవద్దు. అవి నిజం.

నా మీద ఏం చేయాలో మీ ఇష్టం. పడవ తాళం ఈ కాగితంతో పాటే ఇచ్చేస్తున్నాను. ఒక్క మనవి. నా తర్వాత పడవెక్కే వాళ్ళు, చెయ్యి లేవట్లేదనో, కాలు సాగట్లేదనో మీ దగ్గరికి వస్తే, వాళ్ళ చేతిలో తెడ్డు లాక్కోకండి. పక్కన ఇంకో మనిషిని ఎక్కించండి. అప్పుడు వాళ్ళు నిజం చెప్తారు.

ఎడమ చేతి బొటనవేలి ముద్ర: సీసాలమ్మ

సాక్షులు:
కోడలు, కాజాలు కుట్టు పని. రాసింది కూడా ఈమే.
పడవల వడ్రంగి, వరసకు మరిది.